చక్‌లో మిగిలిన రింగు

సమ్మె మొదలైన రోజు మధ్యాహ్నం నాన్న ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "రింగు చక్‌లోనే ఉండిపోయిందే" అన్నాడు.

ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా పని ఆపేసి బయటికొచ్చిన రోజది. గేటు దగ్గర నినాదాలు మా వీధి దాకా వినిపిస్తున్నాయి. పక్కింటి వెల్డరు భార్య మా వంటింట్లో కూర్చుని, ఇది ఎన్నాళ్ళు సాగుతుందో, ఇల్లు ఎలా గడుస్తుందో అని అమ్మతో చెప్పుకుని బాధపడుతోంది. మా నాన్న బెంగ మాత్రం ఒక ఇనప రింగు మీద.

"ఏ రింగు?" అంది అమ్మ, తెలిసి కూడా.

"టరెట్‌ది."

అమ్మ వెల్డరు భార్య వైపు తిరిగి చేతులు తిప్పింది. "విన్నావా? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఇదిగో, ఆ ఇంకొకడు ఈయనే."

మా నాన్న టర్నరు. లేత్ మిషను మీద ఇనుము తిప్పి నున్నగా చెక్కడం ఆయన పని. పని కాని వేళల్లో మా వెనక గదిలో ఒక ట్యాంకు కట్టేవాడు. యుద్ధాల్లో వాడే ట్యాంకు, రెండు మూరల పొడుగున, రిమోట్‌తో నడిచేది. నేను అప్పటికే ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తున్నాను కాబట్టి ఆ ట్యాంకులో ఇనుమంతా ఆయనది, వైర్లూ మోటార్లూ రిమోటూ నావి. అప్పటికి ట్యాంకు నడుస్తోంది, గట్లు ఎక్కుతోంది, వెనక్కి వస్తోంది. టరెట్ ఒక్కటే మా పరువు తీస్తోంది. పైన గుండ్రంగా తిరిగే ఆ తలకాయ నడిమధ్య ఒకే ఒక్క బోల్టు మీద కూర్చుని ఉండేది. దానికున్న తుపాకీ గొట్టం ఇత్తడిది, మంచి బరువు. ట్యాంకు ఏ చిన్న మిట్ట ఎక్కినా టరెట్ కునికిపాట్లు పడే ముసలాడిలా ముందుకి వాలిపోయేది.

దానికి నాన్న ఆలోచించిన మందు రెండు ఇనప రింగులు. ఒకటి ట్యాంకు ఒంటికి, ఒకటి టరెట్ అడుగుకి. రెండింట్లోనూ గాడి, గాడిలో వరసగా ఉక్కు గోళీలు. బరువు ఒక్క బోల్టు మీద కాకుండా చుట్టూ గోళీల మీద సమానంగా పడుతుంది. ఇంక వాలడం, వణకడం ఉండదు. కింది రింగు అయిపోయింది. పై రింగు ఇంకో రెండు కోతల్లో అయిపోతుందనగా సమ్మె వచ్చిపడింది.

చక్ అంటే లేత్ మిషనుకున్న పిడికిలి. ఇనప ముక్కని బిగించి పట్టుకుని గిరగిరా తిప్పేది అదే. టర్నర్లకి ఒక నియమం ఉంది, మా ఇంట్లో పిల్లి కూడా చెప్పగలదు: పని పూర్తయ్యేదాకా ముక్కని చక్‌లోంచి తియ్యకూడదు. తీశావో, మళ్ళీ సరిగ్గా అదే చోట బిగించడం ఎవడి తరమూ కాదు. వెంట్రుకవాసి తేడా వస్తుంది, సెంటర్ పోతుంది, ఆపైన నువ్వెంత చెక్కినా గాడి వంకరే. నేను చదువు మధ్యలో ఆపేస్తానన్న రోజు కూడా నాన్న అరవలేదు, తిట్టలేదు. "చక్‌లోంచి ముక్క తియ్యకే తల్లీ" అన్నాడు. నేను తీసేశాను, అది వేరే సంగతి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రింగు ఇనుము కంపెనీ తుక్కులోది. తుక్కులోంచి ముక్క ఏరుకుని, పని సందులో సొంతానికి ఏదో ఒకటి చేసుకోవడం ఆ షాపులో అందరికీ అలవాటే. వెల్డరు ఇంట్లో కిటికీ ఊచలు, మామయ్య ఇంట్లో మంచం కోళ్ళు, మా ఇంట్లో తలుపు గొళ్ళేలు అన్నీ అక్కడ పుట్టినవే. అందరూ చేస్తారు, ఎవరూ పైకి అనరు. దొరికితే మాత్రం దొంగతనమే, ఉద్యోగం ఊడుతుంది.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు, యూనియన్ సెక్రటరీ. ఆయన్ని పనిలో పెట్టించింది నాన్నే. పెళ్ళి కాకముందు మా ఇంట్లోనే తిని, మా ఇంట్లోనే పడుకుని, నాన్న మిషను పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు. సమ్మె మొదలయ్యాక రోజూ సాయంత్రం గేటు దగ్గర గుడారం నుంచి నేరుగా మా వెనక గదికొచ్చేవాడు. అరిచి అరిచి గొంతు పోయి ఉండేది. అయినా వేళాకోళం మానేవాడు కాదు.

"ఏం బావా, ట్యాంకు ఎంతవరకొచ్చింది? త్వరగా కానియ్. మేనేజర్ గది మీద మొదటి గుండు నీదే."

"పై రింగు రావాలిరా."

"చక్‌లోనే ఉందా ఇంకా?"

"ఉంది. రెండంటే రెండు కోతలు."

"అబ్బబ్బ, చివరి కోత ముందు ఆగిపోయిందా! ఇంక నీకు అన్నం సయించదు." మామయ్య నా వైపు తిరిగి కన్ను గీటాడు. "నేను పనిలో చేరిన కొత్తలో ఒకసారి ఆయన అటు వెళ్ళగానే చక్ విప్పేశానే. ముక్క శుభ్రం చేసి పెడదామని. వచ్చి చూసి నన్నేమీ అనలేదు. ఆ ముక్కని తీసుకెళ్ళి తుక్కులో పారేసి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. నాలుగు తన్నినా బాగుండేది."

"తన్నితే నేర్చుకునేవాడివా?" అన్నాడు నాన్న.

"ఇప్పుడు మాత్రం ఏం నేర్చుకున్నావని నీ చెల్లెలి లాంటి నా పెళ్ళాం రోజూ అడుగుతోంది."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ గదిలో అలా నవ్వుకున్న సాయంత్రాలు ఆ ఎండాకాలం మొదట్లో చాలానే ఉన్నాయి. పని లేదు, జీతం లేదు, అమ్మ సరుకులు చూసి చూసి వాడుతోంది. అయినా నాన్న పగలంతా ఇంట్లో ఉండటం నాకు కొత్త, బాగుండేది. నేనూ ఆయనా తెగ పోట్లాడుకునేవాళ్ళం. టరెట్ ఎటైనా, ఎన్ని చుట్లైనా తిరగాలని ఆయన పట్టు. అలా తిరిగితే లోపల నా వైర్లు మెలికలు పడి తెగుతాయని నా గోల.

"ఒక చుట్టు తిరిగాక ఆగేలా అడ్డం పెడదాం నాన్నా."

"అడ్డం పెడితే అది టరెట్ ఎలా అవుతుందే? కిటికీ తలుపవుతుంది."

చివరికి నేనే దిగొచ్చాను. వైరు తిరగకుండా కరెంటు మాత్రం దాటేలా రెండు రాగి పట్టీలు గుండ్రంగా వంచి, వాటిమీద రాసుకుంటూ పోయే పలచటి రేకులు అతికించాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "పరవాలేదు" అన్నాడు. మా నాన్న నోట్లోంచి ఆ మాట రావడమంటే సన్మానం జరిగినట్టే.

తర్వాత సమ్మె ముదిరింది. అసలు గొడవే పాత పనివాళ్ళ చోట కాంట్రాక్టు మనుషుల్ని పెట్టొద్దని. కంపెనీ సరిగ్గా అదే చేసింది. ఒకరోజు పొద్దున్నే వ్యాను నిండా కొత్తవాళ్ళని తెచ్చి లోపల దింపింది. ఆ సాయంత్రం మామయ్య వేళాకోళం ఆడలేదు. గోడకానుకుని కూర్చుని, "మిషన్లు తిప్పుతున్నారు బావా. బయటికి వినిపిస్తోంది" అన్నాడు.

నాన్న చేతిలో ఆకురాయి ఆగింది. "టర్నింగ్ షాపులో కూడానా?"

మామయ్య తలెత్తి నాన్న వంక చూశాడు. "బావా, ఇటు చూడు. ఆ ఆలోచన కూడా రానియ్యకు."

"ఏ ఆలోచనరా?"

"నీ సంగతి నాకు తెలీదా?"

"నేనేమన్నానిప్పుడు! ఎవడో చెయ్యి తెలియనివాడు చక్ విప్పేస్తాడేమో అని..."

"విప్పితే విప్పుతాడు. ఇంకోటి చేసుకుందువుగాని. ఇంత ఇనప ముక్క గురించి కొంప మీదికి తెచ్చుకోకు."

నాన్న తలూపాడు. ఆ తలూపడం చూసి మామయ్య నమ్మాడేమో గానీ అమ్మ నమ్మలేదు. గదిలోంచి వస్తూ నాతో, "మీ నాన్న ఇంత తొందరగా ఎప్పుడైనా ఒప్పుకున్నాడా?" అంది.

ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికొచ్చేసరికి నాన్న లేడు. అమ్మ వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. కాసేపటికి వచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంది. చంకలో తువ్వాలు మూట. అది బల్ల మీద పెట్టి విప్పాడు. జానెడు వెడల్పున, అద్దంలా మెరుస్తూ పై రింగు.

"అయిపోయింది" అన్నాడు. పరీక్ష పాసైన పిల్లాడి మొహం ఆయనది. "ఎవడూ ముట్టుకోలేదు. ఎలా వదిలానో అలాగే ఉంది. రెండు కోతలు వేసుకుని వచ్చేశాను."

"ఎటునుంచి వెళ్ళారు?" అంది అమ్మ. గొంతు చాలా మెల్లగా ఉంది.

"వెనక తుక్కు గేటు."

"ఎవరైనా చూశారా?"

"చూస్తే ఏం? నేనేమైనా కంపెనీ పని చేశానా? నా పని నేను చేసుకొచ్చాను."

అది ఆయన మనస్ఫూర్తిగా అన్న మాట. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తాయి. సమ్మె అంటే కంపెనీకి పని చెయ్యకపోవడం. ఆయన చెయ్యలేదు. అంతే ఆయనకి తెలిసింది.

"తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారండీ. ఆ మాత్రం తెలీదా మీకు?" అమ్మ గొంతు ఇప్పుడు లేచింది. "వాడు చెప్పి వెళ్ళాడుగా, ఇంటికొచ్చి మరీ చెప్పాడుగా!"

నాన్నకి వినపడలేదు. వినపడినా తలకెక్కలేదు. అప్పటికే కింది రింగు గాడిలో గోళీలు ఒక్కొక్కటీ పేరుస్తున్నాడు. నేనూ దుకాణం సంగతి మర్చిపోయి రాగి పట్టీలు అతికించడానికి కూర్చున్నాను. పై రింగు దించి, కొక్కేలు బిగించి, టరెట్ పెట్టి, ఇత్తడి గొట్టం తగిలించాం. నాన్న వంటింట్లోకి వెళ్ళి అమ్మ బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఎత్తుకొచ్చి టరెట్ నెత్తిన పెట్టాడు.

"ఇప్పుడు తిప్పు."

రిమోట్ నొక్కాను. అంత బరువు నెత్తిన పెట్టుకుని టరెట్ చప్పుడు లేకుండా తిరిగింది. గొట్టం అంగుళం వాలలేదు. ఒక చుట్టు, రెండు చుట్లు, వెనక్కి ఇంకో చుట్టు. అమ్మ గుమ్మంలో నిలబడి కోపంగానే చూసింది, కానీ చూసింది. నాన్న నేలమీద చతికిలబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు పెట్టుకుని, అది తిరిగినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. నాకు పట్టరాని గర్వంగా అనిపించింది. ఎందుకు దాచాలి?

మర్నాడు పొద్దున్న పెరటి గోడ మీంచి అమ్మ వెల్డరు భార్యని పలకరించింది. ఆవిడ బట్టలు ఆరేస్తోంది. పలకలేదు. అమ్మ ఇంకోసారి పిలిచింది. ఆవిడ సగం ఆరేసిన దుప్పటి తీగ మీద అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. తుక్కు గేటు దగ్గర నాన్నని చూసింది వెల్డరేనని మాకు సాయంత్రం మామయ్య చెబితే తెలిసింది.

మామయ్య ఆ రోజు వెనక గదికి రాలేదు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మ టీ గ్లాసు అందిస్తే వద్దన్నాడు.

"ఎందుకెళ్ళావు బావా?"

"నీకు తెలీదూ?" అన్నాడు నాన్న.

"నాకు తెలుసు." మామయ్య గొంతు బొంగురుగా ఉంది. "నాకు తెలిస్తే ఏం లాభం? వెల్డరు చూశాడు. కాంట్రాక్టు వాళ్ళ మధ్యన నువ్వు మిషను తిప్పుతుంటే కిటికీలోంచి ఇంకెవడో చూశాడట. మేనేజర్ వచ్చి నీ భుజం తట్టాడట. తట్టాడా?"

ఈ సంగతి మాకు చెప్పలేదు. అమ్మా నేనూ నాన్న వైపు చూశాం.

"తట్టాడు."

"ఏమన్నాడు?"

"వచ్చావా, మంచి పని చేశావ్, నిన్ను చూసి మిగతావాళ్ళూ వస్తారులే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమనమంటావురా? చక్‌లో వాడి ఇనుమే తిరుగుతోంది. తల వంచుకుని కోత పూర్తి చేశాను."

మామయ్య తలుపు చెక్క గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి మాట్లాడాడు, నాన్న వైపు కాదు. "అక్కా, గుడారంలో సగం మంది రేపో మాపో లోపలికి పోదామా అని చూస్తున్నారు. పొయ్యిలో పిల్లి లేవని కొంపలు. సెక్రటరీ బావ వెళ్ళాడు, మేమెళ్తే తప్పేంటి అంటున్నారు. ఈయన్ని వదిలేస్తే వాళ్ళని నేను ఏ మొహం పెట్టుకుని ఆపను?"

"అయితే?"

"రేపు మీటింగ్‌లో పేరు తీస్తారు. నేను అడ్డుపడను. ముందే చెబుదామని వచ్చాను."

"అడ్డుపడకపోతే మానెయ్" అంది అమ్మ. "జరిగింది జరిగినట్టు చెప్పు. అది చాలు."

మామయ్య వీధిలోకి దిగి వెళ్ళిపోయాడు.

మీటింగ్‌కి నాన్న రానన్నాడు. "నేనేం దొంగనా, ద్రోహినా, వెళ్ళి సంజాయిషీ చెప్పుకోడానికి?" అని గదిలో కూర్చున్నాడు. నాకు మండింది. ట్యాంకుని సైకిల్ వెనక కట్టుకుని నేనే వెళ్ళాను. గేటు పక్క గుడారం కిక్కిరిసి ఉంది. చెమట వాసన, బీడీ పొగ. నన్ను చూసి దారిచ్చారు, ఎవరి బిడ్డనో తెలిసి. ముందు బల్ల మీద మామయ్య కాగితాలు పక్కకి నెట్టి ట్యాంకు పెట్టాను.

"మా నాన్న లోపలికి వెళ్ళింది దీనికోసం" అన్నాను. "ఈ టరెట్ అడుగున ఉన్న రింగు ఆయన మిషను చక్‌లో ఉండిపోయింది. రెండు కోతలు మిగిలాయి. అవి వేసుకుని వచ్చేశాడు. కంపెనీకి ఒక్క బోల్టు కూడా చెయ్యలేదు."

రిమోట్ నొక్కాను. టరెట్ తిరిగింది. గొట్టం గుడారంలో ఒక్కొక్కరి మీదుగా మెల్లగా చుట్టి వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకనుంచి ఇంకెవరో, "మా పిల్లలు పస్తులుంటే వీడు బొమ్మలు చేసుకోడానికి గేటు దాటాడా?" అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

"తుక్కు ఇనుమేగా అది, దొంగసొత్తు" అన్నాడు వెల్డరు.

"మీ ఇంటి కిటికీ ఊచలు ఎక్కడివి బాబాయ్?" అన్నాను. అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలామంది చెప్పారు. నేను ఒప్పుకోను. ఇప్పుడైనా అదే అడుగుతాను.

గోల లేచింది. ఆ గోలలోనే నేను మామయ్య వైపు తిరిగాను. "సెక్రటరీ గారూ, మీరు చెప్పండి. సగం పనిలో ఉన్న ముక్కని చక్‌లోంచి తీస్తే ఏమవుతుంది? మీకు తెలుసుగా. ఒక్కసారి వీళ్ళకి చెప్పండి చాలు."

అందరూ ఆయన వైపు చూశారు. మామయ్య ట్యాంకు వైపు చూశాడు. చేత్తో నుదురు తుడుచుకున్నాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "నేను ఫిట్టర్ని. టర్నర్ని కాదు."

తర్వాత చేతులెత్తమన్నారు. ఎత్తారు. మామయ్య చెయ్యి ముందూ లేవలేదు, చివరా లేవలేదు, గుంపులో ఎక్కడో లేచింది. నాన్నని యూనియన్‌లోంచి తీసేశారు, ఎవరూ ఆయనతో మాట్లాడకూడదన్నారు. నేను ట్యాంకుని మళ్ళీ సైకిల్‌కి కట్టుకుంటుంటే తాడు పట్టుకోడానికి ఒక్కడు రాలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న వీధి అరుగు మీద ఉన్నాడు. "మామయ్య ఏమన్నాడు?" అనడిగాడు. ఏం తేల్చారని అడగలేదు.

"తెలీదన్నాడు."

"ఏది తెలీదన్నాడు?"

"చక్ సంగతి."

నాన్న అరుగు మీంచి లేచాడు. "చక్ సంగతి తెలీదన్నాడా?" అని మళ్ళీ అడిగాడు, నేను పొరపాటుగా విన్నానేమో అన్నట్టు. యూనియన్ తీసేసినందుకు ఆయన పెద్దగా ఏమీ అనలేదు. ఈ ఒక్క మాట మాత్రం ఆ వారంలో అమ్మని, నన్ను చాలాసార్లు అడిగాడు. నిజంగానే అలా అన్నాడా? ఏ మాటలతో అన్నాడు?

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఏమిటంటే, మామయ్య ఎత్తు పారింది. నాన్నని వెలివేశాక గుడారంలోంచి ఒక్కడు కూడా లోపలికి పోలేదు. సెక్రటరీ సొంత బావనే వదల్లేదు, మనల్ని వదులుతాడా అనుకున్నారు. అందరూ బిగుసుకుని కూర్చున్నారు. కంపెనీ దిగొచ్చింది. కాంట్రాక్టు వాళ్ళని అదే వ్యానులో వెనక్కి పంపింది. గెలిచిన రోజు ఊరేగింపు మా వీధిలోంచే వెళ్ళింది. డప్పులు, అరుపులు, ఈలలు. మా ఇంటి ముందుకి రాగానే అన్నీ ఆపేసి నడిచారు. నాలుగిళ్ళు దాటాక మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మ తలుపు వెనక నిలబడి అంతా వింది. "అరిచినా బాగుండేది" అంది.

పనిలోకి వెళ్ళిన మొదటి రోజే మేనేజర్ నాన్నని పిలిపించాడు. సూపర్‌వైజర్ని చేశామన్నాడు. ఇక మిషను పని లేదు, అద్దాల గదిలో కుర్చీ. నాన్న ఇంటికొచ్చి ఆ సంభాషణంతా మాకు చెప్పాడు, ఎవరిదో కథ చెప్పినట్టు.

"వద్దు సార్, నాకు నా మిషను చాలన్నాను. 'సమ్మెలో మాకోసం వచ్చిన మనిషివి, నీకే ఏమీ చెయ్యకపోతే రేపు ఇంకెవడొస్తాడయ్యా' అన్నాడు. నేను మీకోసం రాలేదు సార్ అన్నాను. 'మరి ఆ రోజు దేనికొచ్చావు' అన్నాడు."

"చెప్పారా?" అంది అమ్మ.

"నోటిదాకా వచ్చింది." నాన్న అరచేతులు చూసుకున్నాడు. "చెబితే దొంగని. చెప్పకపోతే ద్రోహిని. దొంగకి ఉద్యోగం పోతుంది, ద్రోహికి ప్రమోషన్ వస్తుంది. ఊరుకున్నాను."

"మానెయ్ నాన్నా" అన్నాను. "ఎక్కడైనా లేత్ పని దొరుకుతుంది నీకు."

"ఈ వయసులో ఎవడి దగ్గర చెయ్యి చాపనే? నీ ఒక్కదాని జీతంతో ఇల్లు నడుస్తుందా?"

నడవదు. నాకు తెలుసు. అందుకే ఇంకేమీ అనలేకపోయాను, అనలేకపోయినందుకు ఇంకా మండింది.

ఆయన మిషను ఇంకొకడికిచ్చారు. అద్దంలోంచి అది ఎదురుగా కనపడుతుందట. నాన్న గదిలోంచి బయటికొస్తే మనుషులు మాటలు ఆపేసి పని వైపు తిరుగుతారట. టీ కుర్రాడు గ్లాసు పెట్టి పరుగెత్తుతాడట. ఇవన్నీ నాన్న చెప్పలేదు, నా దుకాణానికి ఫోన్ బాగుచేయించుకోడానికి వచ్చిన ఒకతను చెప్పాడు, పక్కన ఎవరూ లేరని చూసుకుని. ట్యాంకు వెనక గదిలో అటక మీదుంది. దాని టరెట్ ఇవాళ్టికీ వదులు కాలేదు, నేను అప్పుడప్పుడూ దించి చూస్తుంటాను. నాన్న మళ్ళీ ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. అమ్మ అందులో పాత డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది. మామయ్య మా ఇంటికి రాలేదు, మేమూ వెళ్ళలేదు. అమ్మ ఆయన ఊసు ఎత్తేది కాదు గానీ, సాయంత్రం వీధిలో ఆయన సైకిల్ గంటలాంటిది వినపడితే చేస్తున్న పని ఆపేది.

ఎండలు తగ్గి మొదటి వాన పడిన రోజు రాత్రి భోజనాల దగ్గర కూర్చున్నాం. నాన్న ఇస్త్రీ చొక్కా ఇంకా విప్పలేదు. ఆయన బట్టల్లోంచి నూనె వాసన రాకపోవడం నాకు అప్పటికీ అలవాటు కాలేదు. అమ్మ వడ్డిస్తోంది.

"మీ తమ్ముడు ఇవాళ నా గదికొచ్చాడు" అన్నాడు నాన్న.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎందుకూ?"

"సెలవు కావాలట. సూపర్‌వైజర్ సంతకం ఉండాలిగా."

"ఏమన్నాడు?"

"'సార్, రేపు సెలవు కావాలి' అన్నాడు."

బయట చూరు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"పక్కన ఎవరైనా ఉన్నారేమో" అన్నాను. మామయ్య తరఫున నేనెందుకు మాట్లాడానో నాకే తెలీదు.

"ఎవరూ లేరే. మేమిద్దరమే. తలుపు కూడా వేసే ఉంది."

"మీరేమన్నారు?" అంది అమ్మ.

"దేనికి సెలవని అడిగాను. 'పర్సనల్ సార్' అన్నాడు." నాన్న కంచం దగ్గరికి లాక్కున్నాడు. "సంతకం పెట్టిచ్చాను."